పాత కారుకు పెద్ద ఇంజన్ ఎక్కించే ముందు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్ల చేతులు చూస్తేనే తెలుస్తోంది, గోళ్ల సందుల్లో గ్రీజు ఉన్నవాళ్లే ఎక్కువమంది వచ్చారు. (నవ్వులు) కాబట్టి పానా ఎటు తిప్పితే బోల్టు ఊడుతుందో చెప్పి మీ టైమ్ తినను. పాత కారులో చిన్న ఇంజన్ దించి పెద్దది ఎక్కించాలన్న కోరిక ఎందుకు పుడుతుందో కూడా చెప్పక్కర్లేదు. ఎత్తు ఎక్కుతుంటే వెనక నుంచి లారీవాడు హారన్ కొడితే చాలు, అదే పుడుతుంది.

ఈ పని మొదలుపెట్టబోయే ప్రతివాళ్లూ నన్ను అడిగేది "ఎంత హార్స్‌పవర్ వస్తుంది?" అని. నేను తిరిగి "ఆ ఇంజన్ బరువెంత?" అంటాను. చాలామంది తెల్లమొహం వేస్తారు. పవర్ ఎంతో పాయింట్లతో సహా చెబుతారు గానీ బరువు ఎప్పుడూ చూసి ఉండరు. ఈ రోజు నేను మాట్లాడేదంతా దాదాపు ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1962లో వచ్చింది. 1,798 సీసీ, నాలుగు సిలిండర్లు, ఇనుప బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజన్ మొండెం), 95 హార్స్‌పవర్. దానికి బలం చాలట్లేదని 1967లో కంపెనీయే అదే బాడీలో 2,912 సీసీ ఆరు సిలిండర్ల ఇంజన్ పెట్టి ఎంజీసీ అని అమ్మింది. పవర్ 145కి పెరిగింది. కాకపోతే ఆ ఇంజన్ పాతదానికంటే దాదాపు 95 కిలోలు ఎక్కువ. అది లోపల పట్టక బోనెట్ మీద బుడిపె తేల్చారు. ముందు సస్పెన్షన్ మార్చి టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు, వేశారు. ఇంత చేసినా, మలుపులో స్టీరింగ్ తిప్పితే కారు ముక్కు తిన్నగానే పోతానంటుందని పత్రికలవాళ్లు ఏకిపారేశారు. 1969 కల్లా దుకాణం కట్టేశారు. మళ్లీ 1973లో అదే బాడీ కూపేలో రోవర్ వాళ్ల 3,528 సీసీ వీ8 (V ఆకారంలో ఎనిమిది సిలిండర్ల ఇంజన్) ఎక్కించారు. బ్లాకు, హెడ్లు అన్నీ అల్యూమినియం. సీసీ చూస్తే రెట్టింపుకు దగ్గర, బరువు చూస్తే పాత ఇనుప ఇంజన్‌కు అటూ ఇటూగా అంతే. పవర్ 137. అంటే ఎంజీసీ కంటే 8 తక్కువ. అయినా ఈ కారుకు ఆ ముక్కు బరువు పేరు రాలేదు. పేపర్ మీద ఓడిపోయిన ఇంజనే రోడ్డు మీద గెలిచింది.

బరువు ఎంత అన్నదాంతో పాటు అది ఎక్కడ కూర్చుంటుందన్నది కూడా చూడాలి. చిన్న లెక్క చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2,400 మిల్లీమీటర్లు అనుకుందాం. కొత్త ఇంజన్ వల్ల 80 కిలోలు అదనంగా వచ్చాయి. ఆ బరువు ముందు యాక్సిల్ (ముందు చక్రాల ఇరుసు) కంటే 240 మిల్లీమీటర్లు ముందుకు పడితే, ముందు చక్రాల మీద పెరిగేది 88 కిలోలు. ఆ ఎనిమిది ఎక్కడి నుంచి వచ్చాయి? వెనక చక్రాలు కోల్పోయాయి. అదే బరువు యాక్సిల్‌కు 240 మిల్లీమీటర్లు వెనక్కి పడితే ముందు 72, వెనక 8. అదే ఇంజన్, అదే కారు. అరమీటరు కూడా జరపలేదు, వెనక చక్రాల దగ్గర 16 కిలోల తేడా వచ్చింది. వెనక చక్రాల డ్రైవ్ ఉన్న కారులో, వానలో, పెరిగిన పవర్‌తో ఆ 16 కిలోలు ఏం చేస్తాయో మీకే తెలుస్తుంది.

అందుకని పాత ఇంజన్ దించకముందే కారును తూకం వేయించండి. నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టగలిగితే మంచిది. లేదంటే వే బ్రిడ్జి మీద ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి ఎక్కించినా సరిపోతుంది. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉందో, సీట్లో మనిషి ఉన్నాడో లేదో రాసి పెట్టుకోండి, పని అయ్యాక అలాగే తూచాలి. ఇక ఇంజన్ల బరువు అని పుస్తకాల్లో రాసేదాన్ని గుడ్డిగా నమ్మకండి. అది ఒట్టి ఇంజన్ బరువా, లేక ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్, మానిఫోల్డులు (ఇంజన్‌కు గాలి, పొగ వచ్చిపోయే గొట్టాలు), ఫ్లైవీల్ కలిపా అన్నది చాలాచోట్ల చెప్పరు. పదుల కిలోల తేడా అక్కడే వస్తుంది. గేర్ బాక్స్ కూడా మారుతుంటే దాన్నీ తూచండి.

నా ఓటు ఎప్పుడూ అదే కుటుంబంలోని, అంటే అదే డిజైన్‌లో వచ్చిన, పెద్ద ఇంజన్‌కే. మినీ అనే చిన్న బ్రిటిష్ కారు 1959లో వచ్చినప్పుడు దాంట్లో 848 సీసీ ఏ-సిరీస్ ఇంజన్ ఉండేది. అదే ఏ-సిరీస్ తర్వాత 1,275 సీసీ దాకా పెరిగింది. చిన్న ఇంజన్ మినీలో 1,275 పెట్టేవాళ్లు లెక్కలేనంత మంది, ఎందుకంటే మౌంటింగుల (ఇంజన్‌ను కారుకు బిగించే ఆధారాలు) దగ్గర పెద్ద పోరాటం ఉండదు, బరువులో తేడా కూడా పెద్దగా రాదు. సీసీ సగం పెరిగింది, కారు స్వభావం మారలేదు. అలాంటి దారి మీ కారుకు ఉంటే కళ్లు మూసుకుని అటే వెళ్లండి. స్నేహితుల దగ్గర గొప్పలు చెప్పుకోవడానికి కాస్త తగ్గుతుంది, అంతే. (నవ్వులు)

అలా కుదరనివాళ్ల కోసం మిగతాది చెబుతాను.

ఇంజన్ పడుతుందా లేదా అన్నది టేపుతో తేలదు. అడ్డం, పొడవు, ఎత్తు కొలిచి "పడుతుంది" అనుకుంటారు. తీరా దించాక ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్ క్రాస్ మెంబర్ (ఛాసిస్‌కు అడ్డంగా ఉండే దూలం) మీద కూర్చుంటుంది, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ స్టీరింగ్ రాడ్డును ముద్దు పెట్టుకుంటుంది, గేర్ రాడ్ సీటు కింద నుంచి పైకి వస్తుంది. కంపెనీవాళ్లకే ఇది తప్పలేదు. 1964లో సన్‌బీమ్ ఆల్పైన్ అనే చిన్న కారులో ఫోర్డ్ 4.3 లీటర్ వీ8 పెట్టి టైగర్ అని అమ్మారు. ఫ్యాక్టరీలో రంగు వేసి వచ్చిన ఫైర్‌వాల్‌ను (ఇంజన్‌కూ కారు లోపలికీ మధ్య ఉండే రేకు గోడ) ఒక మనిషి సుత్తితో లోపలికి కొట్టి ఇంజన్‌కు చోటు చేసేవాడు. వెనక మూల ఉన్న ఒక స్పార్క్ ప్లగ్‌కు చెయ్యి అందదు. దాన్ని విప్పాలంటే కారు లోపల కూర్చుని, ఫైర్‌వాల్‌లో రబ్బరు మూత తీసి, ఆ కంతలోంచి పానా పెట్టాలి. స్టీరింగ్ బాక్స్ కూడా తీసేసి రాక్ అండ్ పినియన్ వేయాల్సి వచ్చింది. మీరు ఇంట్లో చేసేటప్పుడు ఎక్కడో ఒకచోట సుత్తి పట్టాల్సి వస్తే సిగ్గుపడకండి. కాకపోతే ఎక్కడ పట్టాలో ముందే తెలిసి ఉండాలి.

దానికి మార్గం ఖాళీ బ్లాక్. పిస్టన్లు, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) లేని పాడైపోయిన బ్లాక్ ఒకటి సంపాదించి, దానికి ఖాళీ హెడ్డు, ఖాళీ గేర్ బాక్స్ కేసింగ్, ఛాంబర్, మానిఫోల్డులు బిగించండి. ఇద్దరు మనుషులు ఎత్తి దించగలిగే బరువులో ఉంటుంది. పదిసార్లు దించినా నడుం పోదు. క్రాస్ మెంబర్ మీద, బోనెట్ లోపలి వైపు, స్టీరింగ్ రాడ్డు మీద పిల్లలు బొమ్మలు చేసుకునే బంకమట్టి ముద్దలు అంటించి, బ్లాక్ దించి, బోనెట్ మూసి, మళ్లీ తీయండి. ముద్ద ఎక్కడ ఎంత నలిగిందో చాకుతో కోసి కొలవండి. అదే మీ అసలు ఖాళీ. అది ఎక్కడా రెండు సెంటీమీటర్లకు తగ్గకుండా చూడండి, ఎందుకంటే ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద ఉంటుంది, ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు పక్కకు ఒరుగుతుంది. నిలబడి ఉన్నప్పుడు తగలనిది, తొక్కినప్పుడు తగులుతుంది. ఛాంబర్ కోసి తిరిగి వెల్డింగ్ చేయాల్సి వస్తే లోపలి అడ్డుగోడలను కూడా తిరిగి పెట్టండి. అవి లేకపోతే మలుపులో ఆయిల్ ఒక పక్కకు పోతుంది, పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు పోతాయి.

మౌంటింగు బ్రాకెట్లు కారులో ఉండగా వెల్డింగ్ చుక్కలతో తాత్కాలికంగా మాత్రమే అతికించండి. అన్నీ కుదిరాయని తేలాక బయటకు తీసి పూర్తి వెల్డింగ్ చేయండి. కారు మీద వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పేయాలి, కంప్యూటర్ బాక్స్ ఉంటే దాని కనెక్టర్ కూడా పీకేయాలి. ఇది మర్చిపోయి బాక్సులు కాల్చుకున్నవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాల డ్రైవ్‌కు తిరుగుడు తీసుకెళ్లే పొడుగు కడ్డీ. వెనక చక్రాల డ్రైవ్ కార్లలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, అందుకే కాస్త నెమ్మదిగా చెబుతాను. షాఫ్టుకు రెండు చివర్లా యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. జాయింటు వంకరగా తిరిగినప్పుడు దాని అవతలి వైపు వేగం ఒకేలా ఉండదు. ప్రతి చుట్టులో రెండుసార్లు కాస్త పెరిగి, రెండుసార్లు కాస్త తగ్గుతుంది. ముందు జాయింటు పుట్టించిన ఈ ఒడిదొడుకును వెనక జాయింటు సరిచేయాలి. అది జరగాలంటే గేర్ బాక్స్ తోక వాలు, డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా) ముక్కు వాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, రెండు జాయింట్ల కోణాలూ సమానంగా రావాలి. తోక మూడు డిగ్రీలు కిందికి చూస్తుంటే ముక్కు మూడు డిగ్రీలు పైకి చూడాలి. తేడా ఒక డిగ్రీ లోపు ఉంచండి. జాయింటు కోణం మూడు డిగ్రీలు దాటకుండా చూసుకోండి. అలాగని పూర్తిగా సున్నా కూడా పనికిరాదు. జాయింటులోని సూది బేరింగులు కదలకపోతే ఒకేచోట అరిగి గాడి పడుతుంది. ఈ కొలతలు కారు నాలుగు చక్రాల మీద, మామూలు బరువుతో నిలబడ్డప్పుడు తీయాలి. జాకీ మీద వేలాడుతున్నప్పుడు తీసిన కొలత చెత్తబుట్టకే.

కోణం తప్పితే ఏమవుతుంది? ఫలానా వేగం దగ్గర కారు అంతా సన్నగా వణుకుతుంది. మీరు ఇంజన్‌ను తిట్టుకుంటారు. ఖాళీ రోడ్డు మీద అదే వేగంలో న్యూట్రల్ చేసి చూడండి. ఇంజన్ స్లోకు వచ్చినా వణుకు పోకపోతే ఇంజన్ తప్పు లేదు, షాఫ్టునో చక్రాలనో చూడండి.

వేరే కుటుంబపు ఇంజన్‌కు పాత గేర్ బాక్స్ తగిలించాలంటే మధ్యలో అడాప్టర్ ప్లేటు వస్తుంది. గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సెంటరు, క్రాంకు సెంటరు ఒకే గీత మీద ఉండాలి. డయల్ గేజ్ పెట్టి చూడండి, ఒక చుట్టు తిప్పితే గేజ్ ముల్లు మొత్తం కదలిక 0.13 మిల్లీమీటర్ల లోపు ఉండాలని అంటారు. ఎక్కువైతే క్లచ్ ప్లేటు, చిన్న బేరింగు, చివరికి గేర్ బాక్స్ వరసగా పోతాయి. ఇంకోటి, గేర్ బాక్స్ ఎంత టార్క్ (తిప్పే బలం) తట్టుకుంటుందో చూడండి. పాత ఇంజన్ 120 న్యూటన్ మీటర్లు ఇచ్చేది అనుకుందాం. మొదటి గేరు నిష్పత్తి 3.5, డిఫరెన్షియల్‌లోని క్రౌన్ నిష్పత్తి 4.1 అయితే యాక్సిల్స్‌కు చేరేది 1,722. కొత్త ఇంజన్ 300 ఇస్తే 4,305. క్రౌన్ పళ్లు, యాక్సిల్ చివర గాడులు ఈ లెక్క అడిగి తయారుచేసినవి కావు. ఇంజన్, గేర్ బాక్స్, వైరింగ్, కంప్యూటర్, వీలైతే పెడల్‌తో సహా ఒకే పాత కారు నుంచి తెచ్చుకోమని అందుకే అంటాను. అదీ ఆ ఇంజన్ ఆ కారులో నడుస్తుండగా విని, కంప్రెషన్ చూసి తెచ్చుకోండి. తాళంచెవి, ఇమ్మొబిలైజర్ బాక్స్ (సరైన తాళం లేనిదే ఇంజన్ స్టార్ట్ కానివ్వనిది) మర్చిపోతే మిగతావన్నీ తెచ్చినా ఇంజన్ స్టార్ట్ కాదు.

రేడియేటర్ గురించి అందరికీ టెన్షన్. సగం టెన్షన్ అనవసరం. పెట్రోలులోని వేడిలో స్థూలంగా మూడో వంతు పనికి, మూడో వంతు సైలెన్సర్‌లోకి, మూడో వంతు నీళ్లలోకి పోతుంది. కానీ అదే కారు అదే వేగంలో పోవడానికి కావాల్సిన పవర్ ఇంజన్ మారినంత మాత్రాన పెద్దగా మారదు. నిలకడగా వెళ్తుంటే రేడియేటర్‌కు కొత్తగా వచ్చే పని కొంచెమే. అసలు పరీక్ష ట్రాఫిక్‌లో. పెద్ద ఇంజన్ స్లోలో ఎక్కువ తాగుతుంది, ఎదురుగాలి ఉండదు, బోనెట్ కింద ఖాళీ కూడా తగ్గింది. కాబట్టి మందమైన రేడియేటర్ కోసం పరిగెత్తే ముందు మంచి ఫ్యాన్, దాని చుట్టూ గాలి పక్కలకు పోకుండా డొప్ప, ముందు గ్రిల్లు నుంచి రేడియేటర్ దాకా సందులు మూయడం, ఇవి చూడండి. సిస్టమ్‌లో ఎత్తైన చోట గాలి నిలవకుండా దారి ఉండాలి. కారిన కూలెంట్ తుడిచేయండి. అది తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలు, కుక్కలు ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త.

పెట్రోలు లైను సంగతి క్లుప్తంగా. కార్బురేటర్‌కు 3 నుంచి 5 పీఎస్‌ఐ ఒత్తిడి చాలు. ఇంజెక్షన్ ఇంజన్లకు మామూలుగా 40 పైనే కావాలి. పాత రబ్బరు పైపుకు కొత్త క్లిప్పు వేసి సరిపెట్టకండి. ఇంజెక్షన్ కోసం చేసిన పైపే వేయండి.

కరెంటు విషయంలో ఒక్క తీగ గురించే చెబుతాను, ఎందుకంటే అందరూ దాన్నే మర్చిపోతారు. ఇంజన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ. ఇంజన్ రబ్బరు మీద కూర్చుంది కదా, రబ్బరులోంచి కరెంటు పోదు. సెల్ఫ్ మోటార్ వందకు పైగా ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ మైనస్ బాడీకి బిగించి ఉండి ఈ పట్టీ లేకపోతే ఆ కరెంటు తిరిగి వెళ్లే దారి వెతుక్కుంటుంది. ఆక్సిలరేటర్ కేబుల్ దొరుకుతుంది. మీరు సెల్ఫ్ కొడుతుంటారు, కేబుల్ ఎర్రబడి, ప్లాస్టిక్ తొడుగు కరిగి పొగ వస్తుంది. పట్టీ వేసే చోట రంగు గీకి, నిగనిగలాడే ఇనుము కనపడ్డాకే బోల్టు బిగించండి.

బ్రేకుల గురించి ఒక్క మాట. గంటకు 80 నుంచి 120కి పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి రెండుంపావు రెట్లు. ఇంజన్ ఎక్కించకముందే బ్రేకులు మార్చి, పాత ఇంజన్‌తోనే నడిపి చూసుకునేవాళ్లంటే నాకు గౌరవం. ఇక రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాలు. మీరుండే చోట రూలేమిటో ఇంజన్ కొనకముందే కనుక్కోండి.

ఎత్తే క్రేన్ మీద రెండు టన్నులు అని రాసి ఉంటే అది చెయ్యి పూర్తిగా లోపలికి ఉన్నప్పటి సంగతి. చెయ్యి సాగదీసేకొద్దీ ఆ అంకె పడిపోతుంది, చేతిని పిన్నుతో బిగించే కంతల పక్కనే రాసి ఉంటుంది, చదవండి. వేలాడే ఇంజన్ కింద చెయ్యి కూడా పెట్టొద్దు. జాకీ ఎత్తడానికే. కారు కిందికి దూరాలంటే స్టాండ్లు ఉండాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: పెద్ద ఇంజన్ బదులు ఉన్నదానికే టర్బో వేస్తే బరువు గొడవ ఉండదు కదా సార్?

బరువు గొడవ తగ్గుతుంది, నిజమే. కానీ ఇంజన్ లోపలి భాగాలు ఆ ఒత్తిడికి చేసినవేనా, కంప్రెషన్ ఎంత, పెట్రోలు, ఇగ్నిషన్ టైమింగ్ ఎవరు చూసుకుంటారు అన్న గొడవ మొదలవుతుంది. అరిగిన పాత ఇంజన్‌కు టర్బో వేయడం నాకు ఇష్టం లేదు. మీ ఇంజన్ కొత్తగా బోర్ చేయించి, లోపలి భాగాలు మార్చి ఉంటే ఆలోచించొచ్చు.

ప్రశ్న: బరువు పెరిగితే ముందు స్ప్రింగులు గట్టివి వేస్తే సరిపోదా?

ఎత్తు సరిపోతుంది. కారు ముక్కు వాలకుండా నిలబడుతుంది, ఫొటోకు బాగుంటుంది. బరువు మాత్రం అక్కడే ఉంది కదా. టైర్లు, బేరింగులు, బ్రేకులు దాన్ని మోయాల్సిందే. స్ప్రింగు మార్చితే షాక్ అబ్జార్బర్ కూడా దానికి తగ్గది వేయాలి, లేదంటే గుంత దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది. బ్యాటరీని డిక్కీలోకి మార్చండి, ముందు నుంచి పదిహేను కిలోల దాకా తగ్గుతుంది. పొడుగు కేబుల్‌కు బ్యాటరీ పక్కనే ఫ్యూజు వేయడం మాత్రం తప్పదు.

ప్రశ్న: అంతా బిగించాక మొదటిసారి ఎలా స్టార్ట్ చేయాలి?

కంగారుగా తాళం తిప్పకండి. పెట్రోలు పంపు ఫ్యూజు తీసేసి, ప్లగ్గులు విప్పి, ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్ పీకేసి, ఆయిల్ ప్రెషర్ గేజ్ ముల్లు లేచేదాకా విడతలు విడతలుగా సెల్ఫ్ కొట్టండి. ముల్లు లేవకపోతే అక్కడే ఆగండి, ముందు కారణం వెతకండి. లేచాక ప్లగ్గులు, కనెక్టర్లు పెట్టి, ఫ్యూజు పెట్టి, తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండానే పెట్రోలు లైను మొత్తం టార్చి వేసి చూడండి. ఎక్కడైనా తడి కనిపిస్తే ఆపేయండి. పక్కన ఒక మనిషి, అతని చేతిలో మంటలార్పే సిలిండర్ ఉండాలి. గ్యారేజి తలుపులు బార్లా తీసి పెట్టండి, పొగ లోపల నిలవకూడదు. స్టార్ట్ అయ్యాక వేడెక్కేదాకా ఉంచి, ఆపి, పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం చూసి, మౌంటింగు బోల్టులు, షాఫ్టు బోల్టులు, ఎగ్జాస్ట్ నట్లు మళ్లీ ఒకసారి బిగించండి. మొదటిసారి రోడ్డెక్కినప్పుడు నడిచి తిరిగి రాగలిగినంత దూరమే వెళ్లండి. (నవ్వులు) పానాల పెట్టె డిక్కీలో ఉండనివ్వండి.